ఫోర్ బై ఫోర్ వెనక ట్రాలీ కట్టే ముందు ఒక్క మాట

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది. ఇప్పుడు పని మీద ఉంటే రాత్రి తిన్నాక తీరికగా చదవండి. ఈ మధ్య పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొని, దాని వెనక చిన్న ట్రాలీ కట్టాలని చూస్తున్న పిల్లలు మాత్రం మొత్తం చదవాలె. నేను చెప్పేది ఒక్కటే. ఫోర్ బై ఫోర్ బండి ట్రాలీని చాలా దూరం లాగుతది, కానీ లాగినంత తేలిగ్గా ఆపలేదు. మనం లాగే బలం చూసి బండి కొంటున్నం. ఆపే సంగతి ఎవరూ అడగడం లేదు.

మొన్న మా తమ్ముని కొడుకును వెంటబెట్టుకొని పట్నం పోయిన. వికారాబాద్‌లో రైలెక్కి నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీకి నడిచినం. మా బావమరిది అక్కడ ఒక ఆఫీసులో పని చేస్తడు, లోన్ల సంగతి తెలిసినోడు. పిల్లగానికి ఒక పాత జీపు మీద మనసు పడ్డది. లోను వస్తదా, ఏమేం కాగితాలు కావాలె అని అడగడానికి పోయినం.

"ఇంట్ల ట్రాక్టర్ ఉన్నది కదరా, మళ్ల జీపెందుకు?" అని రైల్లోనే అడిగిన. "పది బస్తాల యూరియాకు, నాలుగు పాల క్యాన్లకు ట్రాక్టర్ తియ్యాల్నా పెద్దనాయనా? జీపు వెనక చిన్న ట్రాలీ కడితే చాలు. డీజిల్ తక్కువ, తొందరగా వస్తం. పైగా ఫోర్ బై ఫోర్. వానాకాలం బురదల కూడా పొలం దాకా పోతది" అన్నడు. మాటలో తప్పు లేదు. నాకు కూడా ఒకప్పుడు ఇదే ఆలోచన ఉండె. ఆ ఆలోచనకు నేను ఏం కట్టుకున్ననో కింద చెప్తా.

బావమరిది మమ్మల్ని చాయ్ తాగడానికి తీసుకపోయిండు. పిల్లగాడు చుట్టూ చూసి, "గన్‌ఫౌండ్రీ అంటే ఏంది మామా?" అని అడిగిండు. ఆయన చెప్పిండు. నిజాం అలీఖాన్ కాలంలో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఇక్కడ కొలువు చేసిండట. 1795లో ఈ జాగాలో తోపులు పోత పోసే కార్ఖానా పెట్టించిండట. అందుకే గన్‌ఫౌండ్రీ. పాతోళ్లు దీన్ని తోప్ కా సాంచా అంటరు. ఫతే మైదాన్ దిక్కు ఆ కట్టడం ఆనవాళ్లు ఇంకా ఉన్నయి. రేమండ్ 1798లో చనిపోయిండు, సమాధి మలక్‌పేట దిక్కు గుట్ట మీద ఉన్నది. మూసారాంబాగ్ అనే పేరు కూడా ఆయన పేరు మీదనే వచ్చిందని చెప్తరు.

మా పిల్లగాడు అడిగిన రెండో ప్రశ్న నాకు నచ్చింది. "అంత బరువు తోపుల్ని రోడ్లు లేని కాలంలో ఎట్ల లాక్కపోయిండ్రు?" అన్నడు.

ఆలోచించండి. తోపు అంటే ఏంది? రెండు చక్రాల మీద పెట్టిన ఇనుప మొద్దు. దాని తోకను ముందున్న ఇంకో రెండు చక్రాల బండికి తగిలిస్తరు. ఆ బండికి ఎడ్లో గుర్రాలో కడతరు. అంటే తోపు కూడా ట్రాలీయే. అది పోయే దారి మన డొంక కంటే అధ్వాన్నం. కోటలు కొట్టే పెద్ద తోపుకు పదుల జతల ఎడ్లు కట్టేటోళ్లు. బురదలో దిగబడితే ఏనుగును తెచ్చి వెనక నుంచి తలతో నెట్టించేటోళ్లు. ఇదంతా లాగే సంగతి. మరి గుట్ట దిగేటప్పుడు? అప్పుడు ఎడ్లు ఎన్ని ఉంటే ఏం లాభం, తోపు వచ్చి వాటి మీదనే పడతది. అందుకని చక్రానికి గొలుసు వేసి తిరగకుండా కట్టేటోళ్లు. చక్రం కింద ఇనుప చెప్పు లాంటిది పెట్టి ఈడ్చేటోళ్లు. తోపుకు వెనక దిక్కు మోకులు కట్టి, మనుషులు వరసగా పట్టుకొని ఆపుకుంట ఆపుకుంట దించేటోళ్లు.

లాగడానికి ఎడ్లు ముందు, ఆపడానికి మనుషులు వెనక. రెండు వందల ఏండ్ల కింద ఆ తోపులు ఈడ్చినోళ్లకు తెలిసిన ఈ చిన్న లెక్కను ఇప్పుడు మనం మర్చిపోయినం. మన ట్రాలీలకు వెనక పట్టుకునేటోడు ఎవరూ లేడు. బ్రేకు కూడా లేదు.

అంత దూరం ఎందుకు, మన ఎడ్ల బండే చూడండి. మా తాత బండి నింపేటప్పుడు నన్ను నొగల దగ్గర నిలబెట్టేటోడు. "బరువు ఇరుసు మీద కూసోవాలె, కొంచెం ముందుకు వాలాలె" అనేటోడు. వెనక ఎక్కువైతే నొగలు లేస్తయి, కాడి ఎడ్ల గొంతుకు తగులుతది. ముందు ఎక్కువైతే మెడ మీద మోయలేక ఎడ్లు కుంగుతయి. చెరువు కట్ట దిగేటప్పుడు తాత బండి మీద కూసునేటోడు కాదు. దిగి, ఎడ్ల ముందు నడుచుకుంట, పగ్గం బిగబట్టి దించేటోడు. మరీ ఎక్కువ వాలు ఉంటే బండి వెనక ఒక మొద్దు కట్టి ఈడ్పించేటోడు. అదే ఆయన బ్రేకు. మన జీపులకు, ట్రాక్టర్లకు బలం పెరిగింది కానీ, ఆ తెలివి మాత్రం ఎడ్లతోనే అంగడికి పోయింది.

ఇప్పుడు నా కథ. నాలుగేండ్ల కింద వానాకాలం. దోస్తు దగ్గర ఫోర్ బై ఫోర్ జీపు, చిన్న ట్రాలీ రెండూ అడిగి తెచ్చిన. ట్రాలీలో 6 బస్తాల యూరియా, 4 బస్తాల డీఏపీ వేసిన. నాటుకు వస్తున్న నలుగురు ఆడోళ్లు బస్తాల మీద కూసున్నరు. నేనే ఎక్కుమన్న. చెరువు కట్ట మీదికి ఊరి దిక్కు నుంచి మొరం దారిలో సాఫీగా ఎక్కినం. అవతల పొలం దిక్కు దిగుడు మట్టి దారి. రాత్రి వాన పడ్డది. సగం దిగినాక స్పీడు ఎక్కువైందని బ్రేకు తొక్కిన. జీపు చక్రాలు ఆగినయి, కానీ జీపు ఆగలే. వెనక నుంచి ట్రాలీ తోసుకొచ్చింది. జీపు వెనక భాగం పక్కకు జరిగి, ట్రాలీ, జీపు రెండూ కత్తి మడిచినట్టు మడతపడ్డయి. ట్రాలీ చక్రం ఒకటి కట్ట అంచు దిగి, ట్రాలీ ఒరిగింది. ఆడోళ్లు దుంకిండ్రు. ఒకామె చెయ్యి కింద పెట్టి పడ్డది. మణికట్టు విరిగింది.

ట్రాలీ ఒరిగిన దిక్కు బురద మడి ఉన్నది. ఇవతల దిక్కు ఒరిగి ఉంటే చెరువు. అప్పుడు చెరువులో నిండా నీళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్న, ఆమెకు రెండు నెలల కూలి ఇచ్చిన. దాంతో లెక్క తీరిందా? తీరలే. ఇప్పటికీ నాటు వేసేటప్పుడు ఆమె కుడి చెయ్యి కొంచెం సేపటికే నొస్తది, ఎడమ చేత్తో పట్టి నొక్కుకుంటది. నేను ఒడ్డు మీద నిలబడి చూస్త. "నువ్వు మంచిగనే తోలినవ్ అన్నా, బండి ఆగలే గంతే" అన్నది ఆమె. ఆ మాట నన్ను తిట్టినదాని కంటే ఎక్కువ తగిలింది. ఎందుకంటే నేను మంచిగ తోలలే. ఎక్కేటప్పుడు బండి చూపించిన బలం చూసి, దిగుడు గురించి ఆలోచించలే.

తర్వాత కూసొని లెక్క వేసిన. మీరు కూడా వేయండి, చిన్న లెక్కే. ఖాళీ ట్రాలీ 300 కిలోలు అనుకోండి. యూరియా బస్తా 45 కిలోలు, ఆరు బస్తాలు 270. డీఏపీ బస్తా 50, నాలుగు బస్తాలు 200. నలుగురు మనుషులు 200 పైననే. మొత్తం వెయ్యి కిలోలకు దగ్గర. జీపు నాతో కలిపి 1,300 కిలోలు అనుకుందాం. దారి ఐదడుగులకు ఒక అడుగు దిగుతది. అట్లాంటి వాలులో ప్రతి బండి తన బరువులో ఐదో వంతు బలంతో కిందికి తోస్తది. అంటే జీపు తన వంతు 260 కిలోలు, ట్రాలీ 200 కిలోలు. మొత్తం 460.

ఇంక ఆపే బలం. ట్రాలీకి బ్రేకు లేదు, దాని ఆపే బలం సున్నా. తడి మట్టి మీద టైరు పట్టు, బండి బరువులో నూటికి 30 వంతులు దొరికిందనుకోండి. జీపుకు 390 కిలోల పట్టు. తోసేది 460, ఆపేది 390. నేను కాదు, ఎంత పెద్ద డ్రైవర్ తోలినా ఆ బండి ఆగేది కాదు. ట్రాలీ లేకుంటే తోసేది 260 మాత్రమే, హాయిగా ఆగేది. ట్రాలీ మొత్తం బరువు 500 కిలోలే ఉండి ఉంటే తోసేది 360, ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని అయినా ఆగేది. బరువు సగం చేస్తే బతికేటోళ్లం. ఇంత చిన్న లెక్క.

ఈ లెక్కలో ఫోర్ వీల్ డ్రైవ్ ఎక్కడుందో చూసిండ్రా? ఎక్కడా లేదు. జీపు మామూలుది అయినా బ్రేకు నాలుగు చక్రాలకే ఉంటది, ఫోర్ బై ఫోర్ అయినా నాలుగు చక్రాలకే. బ్రేకు తొక్కినప్పుడు రెండూ ఒకటే. ఫోర్ బై ఫోర్ ఏం చేస్తదంటే, మామూలు బండి పోలేని జాగాకు మనల్ని తీసుకపోతది. మామూలు బండి అయితే బురద మొదలు కాగానే వెనక చక్రాలు తిరిగి ఆగిపోతది, "ఇంక వద్దు" అని చెప్పినట్టు. ఫోర్ బై ఫోర్ ఆ మాట చెప్పదు. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి ఆగుతది, మనం బతుకుతం. దిగేటప్పుడు బలం చాలకపోతే బండి ఆగదు. తేడా అది.

అయితే ఫోర్ బై ఫోర్ పనికిరాదా? పనికొస్తది, వాడటం తెలిస్తే. దిగుడు మొదలు కాకముందే బండి ఆపి ఫోర్ లో వేసి, మొదటి గేరులో దించాలె. అప్పుడు ఇంజినే నాలుగు చక్రాలను పట్టుకొని మెల్లగా దించుతది. బ్రేకు తొక్కే అవసరం తక్కువ, చక్రం బిగుసుకపోయే భయం తక్కువ. క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ అసలే చెయ్యొద్దు. మడతపడుతున్నట్టు అనిపిస్తే బ్రేకు వదిలి, స్టీరింగ్ సూటిగా పెట్టి, ముందు ఖాళీ ఉంటే కొంచెం రేస్ ఇవ్వాలె. బండి ముందుకు లాగితే ట్రాలీ వరసకు వస్తది. ఆ రోజు నేను సరిగ్గా దీనికి ఉల్టా చేసిన.

ట్రాక్టర్ ఉన్నోళ్లకు ఇంకో ముచ్చట. మన మామూలు ట్రాక్టర్ బ్రేకులు వెనక చక్రాలకే. ఫోర్ వీల్ ట్రాక్టర్‌లో దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసి ఉంచితే ముందు చక్రాలు కూడా ఆ బ్రేకుకు తోడవుతయి. చాలామంది ఎక్కేటప్పుడు వేసి, దిగేటప్పుడు తీసేస్తున్నరు. దిగేటప్పుడే అది ఎక్కువ అక్కరకొస్తది. జీపు వాళ్లు మాత్రం గట్టి తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ తీసేయాలె, లేకుంటే గేరు భాగాలు బిగుసుకొని ఖరాబైతయి.

జీపు వెనక ఎంత బరువు కట్టాలె అని అడుగుతరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం జీపు కోసమే ఒక చిన్న ట్రాలీ తయారు చేయించింది. రెండే చక్రాలు. జీపుకు ఉన్న టైర్లే దానికీ. దాని పేరే పావు టన్ను ట్రాలీ. యుద్ధం నడుస్తున్న కాలం, సామాను మోయాల్సిన అవసరం ఎంత ఉండేదో చెప్పనక్కర్లేదు. అయినా టన్ను పైచిలుకు బరువుండే జీపుకు వాళ్లు లెక్కగట్టిన సామాను పావు టన్ను. అంటే మన యూరియా బస్తాలు ఐదో ఆరో. మన ఊర్లో అదే జీపు వెనక టన్ను వేసి, పైన మనుషులను ఎక్కిస్తున్నం.

ఇంక నేను పాటిస్తున్నవి చెప్తా. మీకు నచ్చితే పాటించండి.

మొదటిది, చక్రాల వరస. ట్రాలీ చక్రాల మధ్య వెడల్పు లాగే బండికి ఎంత ఉంటే అంతే ఉండాలె. బండి చక్రం పోయిన గాడిలోనే ట్రాలీ చక్రం పోతది. వెడల్పు తేడా ఉంటే ట్రాలీ తన సొంత గాడి తవ్వుకుంట పోతది, ముఖ్యంగా నల్లరేగడిలో. టైరు కూడా ఒకటే సైజు అయితే ఒక స్టెప్నీ రెండిటికీ పనికొస్తది.

రెండోది, బరువు కూసోబెట్టుడు. మా తాత చెప్పిందే. బరువైనవి ఇరుసు మీద, కింద. తేలికవి పైన. మొత్తం బరువులో పదో వంతు హుక్ మీద పడాలె. 600 కిలోల ట్రాలీ అయితే హుక్ దగ్గర 60 కిలోలు. పత్తి తూకం వేసే కాంటా ఇంట్ల ఉంటే ట్రాలీ మూతి దాని మీద పెట్టి చూడండి, తెలిసిపోతది. మూతి పైకి లేస్తే ఆ ట్రాలీ ఊగుతది, బండి వెనక చక్రాల పట్టు తగ్గుతది. మందు డ్రమ్ము, నీళ్ల డ్రమ్ము సగం నింపి పెట్టొద్దు. సగం నీళ్లు అటు ఇటు ఊగి ట్రాలీని పడేస్తయి. నిండా నింపండి, లేదా ఖాళీగా తీసుకపోండి.

మూడోది, హుక్. బంపర్‌కు వెల్డింగ్ చేసిన హుక్ నమ్మొద్దు, చాసిస్‌కు బోల్టులతో బిగించాలె. పిన్ను పోతే గడ్డపార ముక్క, రాడ్డు ముక్క పెట్టి నడిపించేటోళ్లను చూస్తనే ఉన్నం. పిన్నుకు కింద క్లిప్పు ఉండాలె. దానికి తోడు రెండు గొలుసులు హుక్ కింద అడ్డంగా వేయాలె. పిన్ను ఊడినా ట్రాలీ మూతి నేలలో గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతది. ట్రాక్టర్ వాళ్లు ట్రాలీని గాని, దిగబడ్డ బండిని గాని టాప్ లింక్ దగ్గర కట్టి లాగొద్దు. ఇరుసు కంటే పైన కట్టి లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి డ్రైవర్ మీదనే పడతది. కట్టేది కింద, డ్రాబార్‌కే.

నాలుగోది, బ్రేకు. మన దిక్కు చిన్న ట్రాలీలు చాలావరకు పాత జీపు ఇరుసులు వేసి చేస్తున్నరు. ఆ ఇరుసుకు బ్రేకు డ్రమ్ములు ఉండనే ఉంటయి. "ఎందుకు పటేలా ఖర్చు" అని ఆ ప్లేట్లు తీసి పాత సామానుకు అమ్ముకుంటున్నం. తియ్యొద్దు. కనీసం హ్యాండ్ బ్రేకు పెట్టించండి. బండి ముందు నెమ్మది కాగానే ట్రాలీ మూతి వెనక్కి జరిగి దాని బ్రేకు అదే పడే ఏర్పాటు ఉంటది. దొరికితే అది అన్నిటి కంటే మంచిది. దాంతో పాటు రెండు చెక్క ఊతలు ట్రాలీలో ఎప్పుడూ ఉంచండి. వాలులో హుక్ విప్పే ముందు చక్రాల కింద ఊత పెట్టండి.

ఐదోది, గాలి. మెత్తటి నేలలో టైరు గాలి కొంచెం తగ్గిస్తే టైరు వెడల్పై పట్టు పెరుగుతది. బండికి ఒక్కటే కాదు, ట్రాలీకి కూడా తగ్గించాలె. చాలామంది ట్రాలీ సంగతి మర్చిపోతరు, అది చాకు లెక్క నేలను కోసుకుంట వస్తది. రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి పట్టాలె. చిన్న పంపు జీపులో ఉండాలె.

ఆరోది, దిగబడితే. ఇంకా రేస్ ఇచ్చి గుంత తవ్వొద్దు. హుక్ విప్పండి. ముందు బండిని గట్టి నేల మీదికి తీసుకపోండి. తర్వాత పొడుగు తాడుతో ట్రాలీని లాగండి. తాడు బిగిసినప్పుడు దాని దగ్గర, దాని వరసలో ఎవ్వరినీ నిలబడనియ్యొద్దు. తెగిన తాడు, ఊడిన కొక్కెం మనిషిని చంపుతయి. చుట్టూ చేరే పిల్లలను ముందే ఇంటికి తోలండి.

ఏడోది, అన్నిటికంటే సులువైనది. తెలియని వాలు దగ్గర బండి దిగి, నడిచి చూడండి. మడిమతో నేలను తొక్కండి. మీ చెప్పు జారితే మీ టైరు కూడా జారుతది. మా తాత దిగి నడిచిండంటే ఊకనే కాదు.

ఇప్పుడు కొందరు అంటరు, "ముప్పై ఏండ్ల సంది బ్రేకు లేని ట్రాలీ నడుపుతున్నం, ఏం కాలే" అని. అన్నా, ముప్పై ఏండ్లు ఏం కాకపోవుడు నీ అదృష్టం. నాకు కూడా ఆ రోజు పొద్దున దాకా ఏం కాలే. ఆ ముప్పై ఏండ్లలో నువ్వు మామూలు ట్రాక్టర్‌తో, తెలిసిన బాటలో నడిపినవ్. ఇప్పుడు నీ కొడుకు కొత్త ఫోర్ బై ఫోర్‌తో నువ్వు ఎన్నడూ పోని బాటలో పోతున్నడు. వాని లెక్క వేరే.

అసలు మాట ఇప్పుడు చెప్తున్న. ట్రాలీలో మనుషులు.

2018 గుర్తున్నదా? ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, కూలికి పోతున్నోళ్ల ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ కాలువలో పడ్డది. తొమ్మిది మంది పోయిండ్రు. మూడు నెలలు కూడా కాలే. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడ్డది. 15 మంది పోయిండ్రు. రెండు చోట్లా ఎక్కువ మంది పొలం పనికి పోతున్న ఆడోళ్లే. నాలుగు రోజులు పేపర్లలో వచ్చింది, లీడర్లు వచ్చి పోయిండ్రు. తర్వాత మళ్లీ అదే ట్రాలీ, అదే కాలువ కట్ట. నేను చెరువు కట్ట మీద ఆడోళ్లను ఎక్కించుకున్నది ఆ తర్వాతనే. ఆ వార్తలు చదివి కూడా ఎక్కించిన. అందుకే నన్ను నేను తిట్టుకుంట ఈ పోస్టు రాస్తున్న.

ట్రాలీ సామాను కోసం చేసింది. దానికి స్ప్రింగులు కూడా చాలాసార్లు ఉండవు, పట్టుకునే కమ్మి ఉండదు. ఒరిగితే పైన ఉన్నోళ్లు కిందకు పోతరు, ట్రాలీ వాళ్ల మీదకు పోతది. నీళ్లలో బోర్లా పడితే బయటికి వచ్చే దారి ఉండదు. ఈత వచ్చినా లాభం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలె. చాలా చిన్న ట్రాలీలకు అదీ ఉండదు. రేపు ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ కోసం తిరిగేది ఆ కూలి మనిషి పిల్లలు.

నాకు తెలుసు, ఇది చెప్పినంత తేలిక కాదు. నాటు టైములో, పత్తి ఏరే టైములో కూలీలు దొరకరు. "బండి పంపితేనే వస్తం" అంటరు. నేను పంపకపోతే పక్క రైతు పంపుతడు, వాళ్లు అటే పోతరు. నా నాటు ఆగుతది. అందుకే ఒక్కడు మానేస్తే అయ్యే పని కాదు. ఊరంతా ఒకేసారి మానుకుంటేనే అయితది. మా ఊర్లో పది పన్నెండు మందిమి మాట్లాడుకున్నం. నాటు టైములో రెండు ఆటోలు మాట్లాడి, మనిషికి 20 రూపాయల లెక్కన రైతులమే కడుతున్నం. ఆటో పొలం దాకా రాదు, కట్ట దగ్గర ఆగుతది. అక్కడి నుంచి అందరం నడుస్తం. మొదట కూలీలే గునిసిండ్రు. ఇప్పుడు వాళ్లే "ట్రాలీ వద్దు" అంటున్నరు. ఎకరానికి లెక్క వేస్తే మాకు పడే ఖర్చు ఒక పురుగుమందు డబ్బా కంటే తక్కువ. ఒక మణికట్టు కంటే చాలా తక్కువ.

ఇది మంచి ఏర్పాటని నేను గొప్పలు చెప్పుకోవడం లేదు. ఇంకా ముగ్గురు నలుగురు రైతులు ట్రాలీల్లోనే తెస్తున్నరు. వాళ్లతో గొడవ పెట్టుకోలే. రోజూ అడుగుతనే ఉన్న.

గన్‌ఫౌండ్రీ నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా పిల్లగానితో చాలాసేపు మాట్లాడిన. జీపు వద్దని చెప్పలే. కొనుక్కోమన్న. లోను కాగితాలు కూడా తయారు చేసుకుంటున్నడు. కానీ రెండు షరతులు పెట్టిన. ట్రాలీకి బ్రేకు పెట్టించిన తర్వాతనే హుక్ తగిలియ్యాలె. ట్రాలీలో మనిషి కాలు పెట్టొద్దు, నేను కూడా. వాడు నవ్వి, "తోపులకు మోకులు పట్టుకున్నట్టు నన్ను నువ్వు వెనక పట్టుకున్నవ్ పెద్దనాయనా" అన్నడు. పట్టుకుంటం బిడ్డా, నువ్వు ముందు ఉన్నప్పుడు వెనక పట్టుకునుడే మా పని అన్న.

తెల్లారి వాడే టేపు, ఒక కట్టె పట్టుకొని చెరువు కట్ట దిగుడు కొలిచిండు. ఐదడుగులకు ఒక అడుగు అని నేను అంచనాగా అనుకున్న. పైన అంతే ఉన్నది గాని, కింద మడి దగ్గర ఇంకా ఎక్కువే తేలింది. మీ ఊర్లో కూడా అట్లాంటి దిగుడు ఒకటి ఉంటది. రేపు పొలం పోయేటప్పుడు ఒకసారి బండి ఆపి, దిగి, కొలిచి చూడండి. ఆ తర్వాతనే దాని మీద ఎంత బరువు దించాల్నో నిర్ణయించుకోండి.

ఉంటాను. వానలు మంచిగ పడాలె, బండ్లు మెల్లగ దిగాలె.